'మా భూమి' పాట వెనుక ఎనిమిదేళ్ల నడక
బుర్రకథ నుంచి వెండితెర దాకా జననాట్య మండలి

శేరిలింగంపల్లి:
మన మండలంలోని హైటెక్స్ ప్రాంగణంలో 2025 జూన్ 14న తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు పంచిపెట్టింది. వెనుకటి నంది బహుమతుల స్థానంలో వచ్చిన ఈ అవార్డులకు ప్రజాగాయకుడు గద్దర్ పేరు పెట్టారు. దీపాల వెలుగులో తారలు మెట్లెక్కి బహుమతులు అందుకున్నారు. ఆ పేరు గల మనిషి సినిమా తెరమీద మొదటిసారి కనిపించినప్పుడు మాత్రం ఒంటిమీద ఉన్నది గొంగడి, కాళ్లకు ఉన్నవి గజ్జెలు. పక్కన ఉన్నది తోటి కళాకారులు. ఆ సినిమా 'మా భూమి'. అందులో ఆయన పాడినది 'బండెనక బండి కట్టి' అనే పాట.

ఈ పాట తెలియని పల్లె తెలంగాణలో లేదు. పెళ్లిళ్లలో, సభల్లో, బడి వార్షికోత్సవాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నది. అయితే ఆ పాట దగ్గరకు రావడానికి ముందు ఆ బృందం ఎక్కడ మొదలై, ఏమేమి నేర్చుకుని, ఏమేమి వదిలిపెట్టిందో చాలామందికి తెలియదు. 1971 ప్రాంతం నుంచి 1979 దాకా సాగిన ఆ ఎనిమిదేళ్ల కథలో పల్లెవాసులు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉన్నది.

బొమ్మలు చూసే సంఘం

గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి. నర్సింగరావు హైదరాబాదులో చిత్రకళ చదివిన యువకుడు. ఆయనా, ఆయన మిత్రులూ కలిసి 'ఆర్ట్ లవర్స్' అనే సంఘం పెట్టుకున్నారు. పేరును బట్టే తెలుస్తున్నది, అది పట్నపు చదువరుల సంఘం. బొమ్మలు, నాటకాలు, పుస్తకాలు, దేశదేశాల కళల మీద చర్చలు వారి పని. మాటలు చాలానే ఉండేవి గాని, వినే జనం గదిలో పట్టేంత మందే.

అదే కాలంలో తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్ అనే యువకుడు బుర్రకథలు చెబుతూ తిరుగుతున్నాడు. కూలి చేసుకు బతికే కుటుంబం. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. చదువు కోసం హైదరాబాదు చేరి, 1969 తెలంగాణ ఉద్యమంలో పాల్గొన్న తరువాత బుర్రకథ దళం కట్టుకున్నాడు. ఆయన కథ చెప్పే తీరు చూసిన నర్సింగరావు ఆర్ట్ లవర్స్ వైపు తీసుకువచ్చారు. బొమ్మ తెలిసినవారూ, గొంతు ఉన్నవాడూ అలా ఒకచోట కలిశారు. 1972లో ఆ సంఘమే జననాట్య మండలిగా మారింది.

బుర్రకథ నేర్పిన పాఠం

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటొకరు ఇటొకరు వంతపాటగాళ్లు, వారి చేతుల్లో గుమ్మెటలు. ఒకరు హాస్యం చెబితే మరొకరు రాజకీయం అందుకుంటారు. తెల్లవార్లూ జనాన్ని కదలకుండా కూర్చోబెట్టగల కళ అది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ కళను ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ దానికి పెట్టింది పేరు. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వరుసలను పోరాటపు కథలకు వాడుకున్నారు.

కాబట్టి విఠల్ చేతికి అందినది కొత్త విద్య కాదు, పెద్దల నుంచి వచ్చినదే. కాని బుర్రకథలో ఒక ఇబ్బంది ఉన్నది. చెప్పేవారు ముగ్గురే, మిగిలినవారంతా వినేవారు. కథ ముగిసి జనం ఇంటికి పోయాక దానిని మళ్లీ తమంతట తాము చెప్పుకోవడం వారికి సాధ్యం కాదు. నేర్చిన దళం వస్తేనే కథ, లేకుంటే లేదు. పాట అలా కాదు. రెండుసార్లు విన్నవాడు మూడోసారి పాడతాడు. మండలి కథ నుంచి పాట వైపు మళ్లడంలోని కిటుకు ఇదే.

రిక్షా తొక్కేవాడికి అందాలి

మండలి తొలి పాటల్లో 'ఆపురో రిక్షా' ఒకటి. రిక్షా తొక్కే మనిషి బతుకు దాని వస్తువు. అంతకుముందు 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసి సంచలనం కలిగించారు. అయితే ఆ పుస్తకంలో ఉన్నది వచన కవిత. ఆవిష్కరించిన మనిషి దానిని సవారీలో పాడుకునేందుకు వీలులేదు. ఆరేడేళ్ల తరువాత వచ్చిన పాట మాత్రం రిక్షా స్టాండులోకి నేరుగా పోయింది.

ఆ దిగంబర కవుల్లో ఒకరు చెరబండరాజు. అసలు పేరు బద్దం భాస్కరరెడ్డి. ఘట్‌కేసర్ దగ్గరి అంకుశాపురం వాస్తవ్యులు. నిప్పులు కక్కే వచన కవిత రాసిన ఆయన కూడా తరువాత పాట రాశారు. 'కొండలు పగలేసినం' ఆయనదే. రాళ్లు కొట్టేవారూ, కాలువలు తవ్వేవారూ తమ చేతిపనిని తామే లెక్కచెప్పుకునే పాట అది. మండలి దానిని ఊరూరా పాడింది. పెద్ద చదువు చదివిన కవి కూలివాడి వరుసలోకి దిగిరావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. చెరబండరాజు 1982లో కన్నుమూశారు.

విఠల్‌కు గద్దర్ అనే పేరు వచ్చినదీ పాటల వల్లనే. తెల్లదొరలను ఎదిరించేందుకు 1913లో అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ పేరు మీద తొలి పాటల సంపుటికి ఆ పేరు పెట్టారు. పాటలతో పాటు పేరూ జనంలోకి పోయి, చివరకు మనిషికే అంటుకున్నది. సంపుటి పేరే గాయకుడి పేరైన సందర్భాలు అరుదు.

ఉత్తరం నుంచి జముకు

మండలి ఎదుగుదలలో ఉత్తరాంధ్ర పాత్ర మరువరానిది. శ్రీకాకుళం ప్రాంతంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి వాడారు. డొల్లకు ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు నడుమ నుంచి వచ్చే తీగను బిగలాగి మీటితే జముకు పలుకుతుంది. పాణిగ్రాహి 1969 డిసెంబరులో హతులయ్యారు. ఆ తరువాత పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు ఆ గడ్డ మీది యాసతో, అడుగుతో పాటలు కట్టారు. ఆయనా మండలిలో ముఖ్యులయ్యారు. వీధి భాగోతం పద్ధతిలో ఆయన రచించిన 'భూమి భాగోతం' పేరుపొందింది.

ఇక్కడి ఒగ్గుకథ, అక్కడి జముకుల కథ, ఇక్కడి డప్పు, అక్కడి వీధి భాగోతం ఒకదానితో ఒకటి కలిశాయి. మెదక్ మనిషి పాడే పాటకు శ్రీకాకుళంలో జనం అడుగు వేశారు. వంగపండు పాటకు తెలంగాణ పల్లెల్లో చప్పట్లు మోగాయి. యాస వేరైనా కూలిపనిలోని కష్టం ఒకటే గనుక అర్థం కాని మాట కూడా అడ్డం రాలేదు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న తుదిశ్వాస విడిచారు.

విడిచినవి, పట్టుకున్నవి

ఈ ఏళ్లలో మండలి మొదట విడిచిపెట్టినది వేదిక. తెర, రంగు, హార్మోనియం పెట్టె, మైకు ఉంటేనే ప్రదర్శన అన్న పద్ధతి పోయింది. రచ్చకట్ట చాలు, బావిగడ్డ చాలు, కల్లం చాలు. వేషం కూడా మారింది. పంచె గోచి పోసి కట్టి, గొంగడి భుజాన వేసి, చేతిలో కర్ర, కాలికి గజ్జె. కురుమలు నేసిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, కూర్చుంటే చాప. ఆటగాడు దానిని నెత్తిన ముసుగు వేస్తే ముసలమ్మ, నడుముకు చుడితే కూలివాడు, భుజాన వేస్తే దొర. ఒక్క గొంగడితో మూడు పాత్రలు.

వాయిద్యాల్లో డప్పు ముందుకు వచ్చింది. కుడిచేతి సిర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల. మంటకు కాచి తోలు బిగిస్తే ఊరవతల దాకా వినిపించే డప్పుకు మైకు అక్కరలేదు. చావుకు, జాతరకు, చాటింపుకు తప్ప ఊరి నడుమకు రానివ్వని ఆ వాయిద్యం కళాప్రదర్శనలో ముందు వరుసలో నిలబడడం ఆనాడు అందరూ గుర్తించిన మార్పు. దానిని వాయించే కులాలవారికి అది ఎంత గౌరవమో వేరే చెప్పనవసరం లేదు.

అన్నిటికన్న పెద్ద మార్పు పాట అల్లికలో వచ్చింది. నాట్లు వేసే ఆడవారు పాడే తీరు అందరికీ తెలిసినదే. ఒకామె చరణం ఎత్తుకుంటుంది. వరుసలోని వారంతా పల్లవి అందుకుంటారు. ఎత్తుకున్నామె మాట మార్చుకుంటూ పోతుంది, అందుకునేవారి మాట మారదు. అందువల్ల పాట రానివారు కూడా రెండో నిమిషానికే పాటలో కలుస్తారు, నడుము నొప్పి మరుస్తారు. మండలి పాటలకు ఈ అల్లికే పునాది అయింది. గాయకుడు ఒకటి అంటే జనం రెండోది అంటారు. జనం గొంతు కలపవలసిన చోటు పాటలోనే ఖాళీగా ఉంచారు. బుర్రకథలో ముగ్గురు చేసిన పనిని ఇక్కడ ఊరంతా చేసింది.

లోకంలో మరో దారి

ఇదే కాలానికి కొంచెం ముందు ఇంగ్లండులో ఒక పాప్ బృందం నడిచిన దారిని దీనితో పోల్చి చూడవచ్చు. లివర్‌పూల్ అనే ఓడరేవు పట్టణానికి చెందిన నలుగురు యువకుల బృందం బీటిల్స్. 1960 నుంచి జర్మనీలోని హాంబర్గు నగరంలో తెల్లవార్లూ పాడి పాడి గొంతులు, చేతులు సాన పట్టుకున్నారు. పేరు వచ్చాక జనం కేకల్లో వాళ్ల పాట వాళ్లకే వినిపించని స్థితి ఏర్పడింది. 1966 ఆగస్టు 29న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడిన తరువాత ఊళ్లు తిరగడం మానుకున్నారు. లండన్‌లోని రికార్డింగు గదిలో నెలల తరబడి కూర్చుని, 1967లో 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అనే రికార్డు విడుదల చేశారు. పాప్ సంగీతంలో అది మైలురాయిగా నిలిచింది.

వారు జనం నుంచి గదిలోకి పోయి మెరుగుపడ్డారు. మనవారు గదిలోంచి జనంలోకి వచ్చి మెరుగుపడ్డారు. ఏది గొప్ప అన్న వాదన ఇక్కడ అనవసరం. వారికి కావలసిన కొత్త శబ్దం యంత్రాల దగ్గర దొరికింది. మనవారికి కావలసిన వరుస పొలం గట్టు మీద దొరికింది. ఎవరికి కావలసినది ఎక్కడ ఉన్నదో అక్కడికి పోయారు. రెండు బృందాలకూ ఉమ్మడిగా ఉన్నది మాత్రం ఒకటి. పేరు తెచ్చిన పద్ధతినే పట్టుకు కూర్చోకుండా, ఇంకా నేర్చుకోవలసినది ఉన్నదని గుర్తించడం.

మంగళపర్తిలో కెమెరా

1975లో దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. సభలు, ప్రదర్శనలు ఆగిపోయాయి. గద్దర్ ఆ ఏడాదే కెనరా బ్యాంకులో గుమస్తా ఉద్యోగంలో చేరారు. 1977లో అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత మళ్లీ పాటలు బయటికి వచ్చాయి. ఆ ఊపులోనే నర్సింగరావు సినిమా తలపెట్టారు.

ఉర్దూ రచయిత కిషన్ చందర్ తెలంగాణ పోరాటం మీద రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దానికి ఆధారం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మా భూమి' నాటకం వేరు, ఈ సినిమా కథ వేరు. పేరొక్కటే కలిసింది. బెంగాలు నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకుడు. కథాచిత్రం తీయడం ఆయనకూ అదే మొదలు. జి. రవీంద్రనాథ్‌తో కలిసి నర్సింగరావు నిర్మాత. మెదక్ జిల్లా మంగళపర్తి గ్రామంలో చిత్రీకరణ జరిగింది. సాయిచంద్ కథానాయకుడు రామయ్య. దొర గడీ కింద నలిగి, ఊరు విడిచి పట్నం చేరి, కార్మికుల మధ్య లోకం తెలుసుకుని, తిరిగి ఊరికి వచ్చి పోరాటంలో కలిసే రైతుబిడ్డ అతడు. తెలంగాణ శకుంతల వంటి నటులు తెరకు పరిచయమైనదీ ఈ చిత్రంతోనే. సంగీతం వింజమూరి సీత, నాగభూషణం.

అప్పటికి గద్దర్ చేతిలో సొంత పాటలు ఎన్నో ఉన్నాయి. జనం మెచ్చినవే. వెండితెర అవకాశం వచ్చినప్పుడు ఏ కళాకారుడైనా తన రచన వినిపించాలని చూస్తాడు. కాని ఆ సినిమాలో ఆయన పాడినది తన పాట కాదు. 'బండెనక బండి కట్టి' రాసినవారు బండి యాదగిరి. నిజాం రాజ్యం మీద పోరు నడిచిన రోజుల్లో ఆ పోరులో ఉండి పాట కట్టిన మనిషి, ఆ పోరులోనే ప్రాణం విడిచారు. కెమెరా ముందుకు వచ్చేనాటికి ఆ పాట వయసు దాదాపు 30 ఏళ్లు. అదే సినిమాలో 'పల్లెటూరి పిల్లగాడా' అనే పాట సుద్దాల హనుమంతుది. అదీ పోరాట కాలపుదే.

పల్లెవాసులు తెలుసుకోదగిన సంగతి ఇదే. ఎనిమిదేళ్లు పాట కట్టడం నేర్చిన బృందం, అన్నిటికన్న పెద్ద అవకాశం వచ్చిన రోజున పెద్దల పాటకు గొంతు ఇచ్చింది. ఎనిమిదేళ్ల క్రితం అదే పాటను వారు పాడి ఉంటే బుర్రకథ వరుసలో పాడేవారేమో, సభా వేదిక మీద పాడేవారేమో. 1979 నాటికి గొంగడి, కర్ర, గజ్జె, ఎత్తుకునే గొంతు, అందుకునే గొంతులు అన్నీ కుదిరాయి. అందుకే తెరమీద ఆ నిమిషాల్లో సినిమా పాట చూస్తున్నట్టు అనిపించదు, ఊరి వాకిట్లో నిలబడినట్టు ఉంటుంది.

1979 సంవత్సరపు నంది బహుమతుల్లో 'మా భూమి'కి స్థానం దక్కింది. 2013లో ఒక జాతీయ టీవీ సంస్థ ప్రకటించిన వంద గొప్ప భారతీయ చిత్రాల జాబితాలోనూ ఈ పేరు ఉన్నది. నర్సింగరావు తరువాత 'రంగుల కల', 'దాసి', 'మట్టి మనుషులు' చిత్రాలు తీశారు. గద్దర్ 1984లో బ్యాంకు ఉద్యోగం వదిలిపెట్టారు. కారంచేడు ఘటన జరిగిన 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో బయటికి వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి, బతికి బయటపడ్డారు. ఆయన నమ్మిన రాజకీయాలతో ఏకీభవించేవారూ ఉన్నారు, విభేదించేవారూ ఉన్నారు. పాట విషయంలో మాత్రం రెండు పక్షాలవారూ తలూపారు.

మన దగ్గర మిగిలిందెంత

మండలివారు వెతుక్కుంటూ పోయిన వరుసలు ఒకనాడు శేరిలింగంపల్లి చుట్టుపక్కలా ఉన్నవే. నల్లగండ్ల, గోపన్‌పల్లి, కొండాపూర్, మాదాపూర్, రాయదుర్గం ఊళ్లకు చెరువులు, పొలాలు, కల్లాలు ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ భూముల మీద అంతస్తులు లేచాయి. నాటు లేనిచోట నాటు పాట ఉండదు. ఇసుర్రాయి లేని ఇంట ఇసుర్రాయి పాట ఉండదు. అది ఎవరి తప్పూ కాదు. పని పోతే పనితో పుట్టిన పాటా పోతుంది.

మాదాపూర్ శిల్పారామంలో జానపద ప్రదర్శనలు జరుగుతున్నాయి. అవి చూడదగినవే. కాని అక్కడ పాడేవారు వేదిక మీద, చూసేవారు కుర్చీల్లో. ఎత్తుకునే గొంతు ఉన్నా అందుకునే వరుస లేదు. బతుకమ్మ పండుగనాడు చెరువుగట్టున ఆ వరుస ఇంకా కొంత కనిపిస్తున్నది. అక్కడా పెట్టెల మోత పెరిగి, ఆడబిడ్డలు పాడవలసిన పాటను రికార్డు పాడుతున్నది.

చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వైపు పొలాలు ఇంకా ఉన్నాయి. నాటు పాట వచ్చిన అవ్వలు ఉన్నారు. డప్పు వరుసలు వచ్చిన పెద్దమనుషులు ఉన్నారు. ఇప్పుడు ప్రతి ఇంటా ఫోను ఉన్నది, పాట పట్టి ఉంచడానికి అది చాలు. పాటతో పాటు పాడినవారి పేరు, ఊరు, అది ఏ పని చేస్తూ పాడే పాటో కూడా చెప్పించి ఉంచాలి. ఎత్తుకునే మాట ఏది, అందుకునే మాట ఏది అని విడిగా అడగాలి. వీలైతే ఒకామెను కాక నలుగురిని కూర్చోబెట్టి పాడించాలి. వానాకాలం నాట్లు మొదలయ్యేది జూలైలో. ఆ వేళకు మడి గట్టు మీదికి పోతే అవ్వను అడగనవసరం కూడా లేదు. పాట దానంతట అదే వస్తుంది, వినేవారు ఉండడమే కావలసినది.